1917 నాటి లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ చేతికొచ్చింది, కాల్చే ముందు ఏమేం చూసుకోవాలి? చెక్కకి పాలిష్ పెట్టొచ్చా?

కొత్తచేతులు:

నమస్తే అందరికీ. చాలా నెలలుగా చదువుతూ ఉన్నా గానీ రాయడం ఇదే మొదటిసారి. లైసెన్స్ కాగితాలన్నీ పూర్తయ్యాక పోయిన వారం నా మొదటి మిలిటరీ సర్‌ప్లస్ (సైన్యం వాడి వదిలేసిన) రైఫిల్ ఇంటికొచ్చింది. బ్రిటిష్ సైన్యం వాడిన లీ ఎన్‌ఫీల్డ్ ఎస్‌ఎంఎల్‌ఈ, బట్ (భుజానికి ఆనించే వెనక చెక్క) కూర్చునే సాకెట్ కుడిపక్కన కిరీటం గుర్తు, కింద ఎన్‌ఫీల్డ్, 1917, ఇంకా మూడు గీతలూ ఒక నక్షత్రం ఉన్నాయి, అంటే నంబర్ 1 మార్క్ 3 స్టార్ అనుకుంటున్నా. ఒక పెద్దాయన నలభై ఏళ్ళు దాచుకున్నది, ఇప్పుడు చూపు సరిగ్గా ఆనట్లేదని నాకిచ్చారు. ఆయన దాన్ని లోపలా బయటా గ్రీజు పట్టించి మూలన పెట్టారు, అది ఇప్పుడు ఎండి మైనంలా అయిపోయింది.

నా డౌట్లు చెప్తా. గ్రీజు ఎలా తీయాలి, చెక్కలోకి కూడా ఇంకిపోయి నల్లగా జిడ్డుగా ఉంది. ఈ వీకెండ్ బట్ విప్పేసి చెక్క మొత్తం శాండ్‌పేపర్ కొట్టి మంచి వార్నిష్ వేద్దామని ప్లాన్, బ్యారెల్ మీద రంగు కూడా అక్కడక్కడా పోయింది కాబట్టి కొత్తగా బ్లూయింగ్ (ఇనుముకి నల్లటి పొర పట్టించడం) చేయిద్దామనుకుంటున్నా. రెండోది, రిసీవర్ (బ్యారెల్ వెనక బోల్ట్ కదిలే ఇనప భాగం) పక్కన మ్యాగజైన్ కటాఫ్ అనే, మ్యాగజైన్‌లోని తూటాలని ఆపే రేకు ఉండాలంట కదా, నా దానికి లేదు, పార్ట్ పోయిందా? మూడోది ముఖ్యమైనది, నూరేళ్ళు దాటిన రైఫిల్ కాలిస్తే ప్రమాదం లేదు కదా? దాంతో పాటు 1940ల నాటి తూటాలు ఒక డబ్బా నిండా ఇచ్చారు, ఇత్తడి మీద తేదీలు కూడా ఉన్నాయి, అవి వాడుకోవచ్చా?

పాతబోల్ట్:

తమ్ముడూ మిగతావి తర్వాత, ముందు ఆ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టు. బట్ విప్పొద్దు. మళ్ళీ చెప్తున్నా, బ్యారెల్ కిందుండే ముందు భాగపు చెక్క (ఫోరెండ్) తీయకుండా బట్ బోల్ట్ తిప్పొద్దు.

ఎందుకో చెప్తా విను. నీ మోడల్‌లో బట్ లోపల పొడుగ్గా ఒక బోల్ట్ ఉంటుంది, దాని కొన నలుచదరంగా చేసి ఉంటుంది. ఆ నలుచదరం కొన బట్ సాకెట్ దాటుకుని ముందుకొచ్చి ఫోరెండ్ వెనక కొసలో ఉన్న చిన్న ఇనప పలకలో కూర్చుంటుంది, బోల్ట్ దానంతట అది వదులవకుండా ఉండటానికి ఆ ఏర్పాటు. ఇప్పుడు నువ్వు వెనక నుంచి పెద్ద స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పావనుకో, ఆ నలుచదరం కొన కూడా చెక్కలో తిరుగుతుంది, తిరిగితే ఫోరెండ్ టప్పున చీలుతుంది. నేను ఇరవై ఏళ్ళ క్రితం సరిగ్గా ఇదే చేశాను. 1915 నాటి రైఫిల్, బ్రహ్మాండమైన వాల్‌నట్ చెక్క, చీలిన ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. జిగురు పెట్టి అతికించాను, పని చేస్తోంది గానీ గీత కనపడుతూనే ఉంటుంది, చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

విప్పే వరస ఏంటంటే, తూటాని లోపలికి నెట్టే పిడి ఉన్న బోల్ట్ (బట్ బోల్ట్ కాదు), మ్యాగజైన్ తీసెయ్, తర్వాత మూతి దగ్గరున్న నోస్ క్యాప్, బ్యాండ్లు, పైన హ్యాండ్‌గార్డ్, ఆ తర్వాత ట్రిగ్గర్ గార్డ్ స్క్రూలు, అప్పుడు ఫోరెండ్‌ని మెల్లగా కిందికి దింపాలి, లాగొద్దు, పీకొద్దు. ఫోరెండ్ పూర్తిగా బయటికొచ్చాకే బట్ బోల్ట్ జోలికెళ్ళు. మధ్యలో ఇన్నర్ బ్యాండ్ స్క్రూకి ఒక స్ప్రింగ్, మూతి దగ్గర చెక్కలో ఇంకో చిన్న స్టడ్, దాని కింద స్ప్రింగ్ ఉంటాయి. ఆ స్టడ్ బ్యారెల్‌ని కింద నుంచి పైకి నెడుతూ ఉంటుంది, గురి నిలకడగా రావడానికి అది కావాలి, నేల మీద పడి పోతే దొరకదు, అందుకే కింద తెల్ల దుప్పటి పరుచుకుని పని చెయ్. తర్వాత వచ్చిన నంబర్ 4 మోడల్‌లో ఈ నలుచదరం గొడవ లేదు, అందుకే నంబర్ 4 ఉన్నవాళ్ళు ఏం కాదు విప్పెయ్ అంటారు, వాళ్ళు చెప్పేది వాళ్ళ రైఫిల్‌కి నిజం, నీ దానికి కాదు.

కటాఫ్ గురించి కంగారు పడకు, ఏమీ పోలేదు. 1907లో వచ్చిన మార్క్ 3కి కటాఫ్ ఉండేది, చాలా దూరానికి గుంపుగా కాల్చడానికి వాలీ సైట్లు కూడా ఉండేవి. యుద్ధంలో వేలకొద్దీ రైఫిల్స్ తొందరగా కావాల్సొచ్చి 1916లో అవన్నీ తీసేసి పని తగ్గించారు, ఆ తగ్గించిందే నీ నక్షత్రం.

అవిసెనూనె:

పాతబోల్ట్ అన్న సరైన టైంకి ఆపారు. నేను చెక్క గురించి చెప్తా, కొంచెం పొడుగవుతుంది, ఏమనుకోవద్దు, నాకు ఈ విషయంలో గట్టి అభిప్రాయాలున్నాయి.

శాండ్‌పేపర్ వద్దు బ్రదర్. దయచేసి వద్దు. ఆ చెక్క మీద ఇన్స్‌పెక్టర్లు కొట్టిన ముద్రలు, ఎక్కడో రిపేర్ డిపోలో వేసిన గుర్తులు, ఎవరో సైనికుడి చేతిలో అరిగిన చోటు, ఇవన్నీ పైన అర మిల్లీమీటరు లోతులోనే ఉంటాయి, పది నిమిషాల శాండింగ్‌తో మొత్తం పోతాయి, పోయాక ఎవరూ తిరిగి తేలేరు. పైగా చెక్క పలచబడితే ఇనుము అంచులు పైకి తేలి కనపడతాయి, చూడగానే తెలిసిపోతుంది ఎవరో గీకేశారని. బ్లూయింగ్ కూడా అంతే. తుప్పు ఉంటే ఆపాలి, మెత్తటి స్టీల్ ఊల్‌తో నూనె వేసి ఎర్ర తుప్పు మాత్రం తీసి వదిలెయ్, గోధుమరంగులోకి మారిన పాత పొర అలాగే ఉండనీ, అది రోగం కాదు వయసు.

నా దగ్గర స్విట్జర్లాండ్ సైన్యపు కె31 రైఫిల్ ఒకటి ఉంది, బట్‌ప్లేట్ (బట్ చివరుండే లోహపు పలక) విప్పితే కింద ఆ రైఫిల్ ఎవరికిచ్చారో ఆ సైనికుడి పేరు, యూనిట్ రాసిన చిన్న చీటీ మడతపెట్టి ఉంది. అన్ని కె31లలో ఉండదు, నాకు దొరికింది. ఆ రోజు నుంచి ఏ పాత రైఫిల్ చెక్క చూసినా ముందు చదవాలనిపిస్తుంది, తర్వాతే తుడవాలనిపిస్తుంది.

సరే గ్రీజు సంగతి. ఇనప భాగాలకి కిరసనాయిల్ గానీ మినరల్ స్పిరిట్ గానీ చాలు, పెట్రోల్ మాత్రం ముట్టుకోవద్దు, ఆవిరికే అంటుకుంటుంది. గాలి ఆడే చోట ఒక ట్రేలో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దు. చెక్కని అందులో ముంచొద్దు. చెక్కకి వేడి కావాలి. పాత గుడ్డలు చుట్టి నల్ల ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఎండలో ఉంచితే లోపలి గ్రీజు చెమట పట్టినట్టు పైకి వస్తుంది, తుడువు, గుడ్డ మార్చు, మళ్ళీ పెట్టు. రెండు మూడు రోజులు పడుతుంది. తొందరపడి ఓవెన్‌లో పెట్టి చెక్క వంకర చేసుకున్నవాళ్ళు నాకు తెలుసు.

బోల్ట్ లోపల కూడా గ్రీజు ఉంటుంది, అది చాలామంది మర్చిపోతారు. లోపల గడ్డకట్టిన గ్రీజులో ఫైరింగ్ పిన్ మందగించి ప్రైమర్ (తూటా అడుగున మందుని అంటించే చిన్న మూత) మీద దెబ్బ సరిగ్గా పడదు. ఈ మోడల్ పిన్ తీయడానికి ప్రత్యేకమైన టూల్ కావాలి, అది లేకపోతే బోల్ట్ హెడ్ (బోల్ట్ ముందు కొస ముక్క) విప్పి లోపలికి స్పిరిట్ పోసి ఊపి వంచి, మళ్ళీ పోసి, నల్లనీళ్ళు రావడం ఆగేదాకా చెయ్. ఏ బోల్ట్ హెడ్ ఆ బోల్ట్‌కే తిరిగి పెట్టు.

చెక్క శుభ్రం అయ్యాక వార్నిష్ వద్దు, అవిసె నూనె. బ్రిటిష్ ఆర్మీలో పచ్చి అవిసె నూనే వాడేవాళ్ళు, అది ఆరడానికి చాలా రోజులు తీసుకుంటుంది, బాయిల్డ్ అని అమ్మేదాంట్లో తొందరగా ఆరే మందులు కలుపుతారు, ఏదైనా పర్లేదు. అరచేతిలో కొన్ని చుక్కలు వేసుకుని చెక్క వేడెక్కేదాకా చేత్తోనే రుద్దు, ఒక గంట ఆగి మిగిలింది తుడిచెయ్, మర్నాడు మళ్ళీ. ఫోరెండ్ లోపలి వైపు కూడా పట్టించు, అక్కడే చెక్క ఎండిపోయేది.

ఒక్క మాట మాత్రం చదివి వదిలేయకు. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి చెత్తబుట్టలో వేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోదు. గుడ్డని విప్పి బయట పరిచి గట్టిగా ఆరాక పారెయ్, లేదా నీళ్ళలో ముంచి మూత ఉన్న డబ్బాలో పెట్టు.

పాతబోల్ట్:

అవిసెనూనె గారు ఫోరెండ్ లోపల అన్నారు కదా, దానికి ఒకటి కలుపుతా. ఫోరెండ్ వెనక కొసలో రిసీవర్‌కి ఆనే రెండు చోట్లు ఉంటాయి, డ్రాస్ అంటారు. కాల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బ మొత్తం చెక్క మీదికి అక్కడినుంచే వస్తుంది. దశాబ్దాలు ఎండిపోయిన చెక్క కుంచించుకుపోయి ఆ ఆనిక వదులవుతుంది, అలా వదులుగా ఉండగానే పది రౌండ్లు కాలిస్తే వెనక భాగం బీట్లిస్తుంది. బిగించాక ఫోరెండ్‌ని ముందుకీ వెనక్కీ జరిపి చూడు, ఏ మాత్రం కదిలినా కాల్చకు, ఎన్‌ఫీల్డ్ చెక్కపని తెలిసినవాళ్ళతో ప్యాచ్ వేయించు.

గేజ్‌చూడు:

కాల్చొచ్చా అన్న ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. వయసుని బట్టి కాదు, కొలతని బట్టి. 1917 రైఫిల్ సరిగ్గా ఉంటే నిశ్చింతగా కాల్చొచ్చు, 1950ది సరిగ్గా లేకపోతే వద్దు.

మొదట సీరియల్ నంబర్లు చూడండి, బోల్ట్ పిడి వెనకున్న నంబరు, రిసీవర్ మీదున్న నంబరు ఒకటేనా? ఈ రైఫిల్స్‌లో బోల్ట్‌ని ఆ రిసీవర్‌కే సరిపోయేలా ఫిట్ చేస్తారు, బోల్ట్ మీద తాళం వేసే రెండు భాగాలూ సమానంగా ఆనాలి. వేరే రైఫిల్ బోల్ట్ తెచ్చి పెడితే మూసుకుంటుంది, పేలుతుంది కూడా, కానీ బరువంతా ఒకవైపే పడుతూ ఉంటుంది.

తర్వాత హెడ్‌స్పేస్. తూటా ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) కూర్చున్నాక బోల్ట్ ముఖానికీ తూటాకీ మధ్య ఎంత ఆట ఉందన్నదే అది. .303 తూటాకి వెనక అంచు ఉంటుంది కదా, కొలత ఆ అంచు మీదే. 0.064 అంగుళాల గేజ్ పెడితే బోల్ట్ మూసుకోవాలి, 0.074 గేజ్ పెడితే మూసుకోకూడదు. గేజ్ పెట్టినప్పుడు బోల్ట్‌ని వేలితో తేలిగ్గా మాత్రమే నొక్కాలి, బలం పెడితే ఏ గేజ్ మీదైనా మూసుకుంటుంది. నంబర్ 4కి బోల్ట్ హెడ్లు 0 నుంచి 3 దాకా నంబర్లతో వస్తాయి, ఆట ఎక్కువుంటే పెద్ద నంబరు పెట్టొచ్చు. మీ నంబర్ 1కి అలా నంబర్లు లేవు, కొన్ని హెడ్లు తెచ్చి కొలిచి ఏది సరిపోతుందో చూసుకోవాలి. సొంతంగా నమ్మకం లేకపోతే గన్‌స్మిత్‌కి ఇవ్వండి, గేజ్ పెట్టి చూడ్డం ఆయనకి పది నిమిషాల పని.

బ్యారెల్ విషయం. గ్రీజు పూర్తిగా పోయాక వెలుతురు వైపు పెట్టి చూడండి. నల్లగా, మచ్చలుగా ఉన్నంత మాత్రాన పనికిరాదని కాదు, రైఫ్లింగ్ (బుల్లెట్‌ని తిప్పడానికి బ్యారెల్ లోపల మెలికగా ఉండే గట్లు, గాళ్ళు) గట్ల అంచులు పదునుగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. మూతి దగ్గర ఎక్కువ శ్రద్ధగా చూడండి, సైనికులు తాడు కట్టిన పుల్‌త్రూతో శుభ్రం చేసేవాళ్ళు, ఇసుక పట్టిన తాడుని ఏళ్ళ తరబడి వంకరగా లాగితే మూతి ఒకపక్క అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. రష్యా మోసిన్ నాగాంట్ రైఫిల్స్‌లో ఇదే సమస్య ఇనప కడ్డీల వల్ల వచ్చేది, అందుకే కొన్నింటికి మూతి లోపల కొంత మేర తొలిచేసి ఉంటుంది. ఓపిక ఉంటే మెత్తటి సీసం ముద్దకి నూనె రాసి బ్యారెల్ గుండా నెట్టి బయటికొచ్చినదాన్ని మైక్రోమీటర్‌తో కొలవండి. .303 అని పేరే గానీ గాళ్ళ అడుగు దాకా కొలిస్తే 0.311 నుంచి 0.315 దాకా కూడా కనిపిస్తాయి, వాడాల్సిన బుల్లెట్ 0.311 లేదా 0.312. అమెరికన్ 30 కాలిబర్ బుల్లెట్ 0.308 ఉంటుంది, అది దీంట్లో వదులుగా పోతుంది, గురి ఉండదు.

ఇది ఎన్‌ఫీల్డ్ గురించి. ఈ థ్రెడ్ వేరే రైఫిల్స్ ఉన్నవాళ్ళు కూడా చదువుతారు కాబట్టి నేను కాల్చొద్దు అని చెప్పేవి కొన్ని ఉన్నాయి. అమెరికా స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 మోడల్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీవి 8,00,000 లోపు నంబర్లు, రాక్ ఐలాండ్‌వి 2,85,507 లోపు నంబర్లు ఉన్నవి గోడకి తగిలించుకోవడానికే, అప్పట్లో రిసీవర్ ఉక్కుని పనివాళ్ళు కంటిచూపుతో రంగు చూసి కొలిమిలో వేడిచేసేవాళ్ళు, కొన్ని అతిగా కాలి గాజులా పెళుసయ్యాయి, ఏది మంచిదో ఏది కాదో బయటికి చూస్తే తెలీదు. జపాన్ వాళ్ళ ట్రైనింగ్ రైఫిల్స్ చూడ్డానికి అరిసాకాలా ఉంటాయి, లోపల బ్యారెల్ నున్నగా ఉంటుంది, అవి బుల్లెట్ లేని ఉత్త చప్పుడు తూటాల కోసం చేసినవి, అసలు తూటా పెడితే చేతిలో పేలిపోతుంది. కెనడా రాస్ మార్క్ 3 బోల్ట్‌ని తప్పుగా కూర్చినా లోపలికి వెళ్ళిపోతుంది, తాళం పడకుండానే పేలి బోల్ట్ ముఖం మీదికి వస్తుంది. జర్మన్ 1888 రైఫిల్ ఉన్నవాళ్ళు దానికి 8 మిల్లీమీటర్ల తూటా అని పేరు చూసి కొనకండి, పాత బుల్లెట్ 0.318 అంగుళాలు, 1905 తర్వాత వచ్చిన ఎస్ బుల్లెట్ 0.323, రెండోది పాత బ్యారెల్‌లోకి ఇరుకుగా పోయి ప్రెషర్ ఎక్కడికో వెళ్తుంది. మార్టిని హెన్రీ లాంటివి పాతకాలపు నల్ల తుపాకి మందు (బ్లాక్ పౌడర్) కోసం పుట్టినవి, వాటిలో ఇప్పటి పొగలేని మందు మామూలు మోతాదులో పోయడం ఆత్మహత్యే.

కొత్తచేతులు:

అందరికీ చాలా థ్యాంక్స్, నిజంగా. పాతబోల్ట్ అన్నా మీరు ఒక్క రోజు లేటుగా చూసి ఉంటే నా ఫోరెండ్ అయిపోయేది. శాండ్‌పేపర్ తిరిగి ఇచ్చేశా. నంబర్లు చూశా, బోల్ట్, రిసీవర్, నోస్ క్యాప్ మూడూ ఒకటే. ఆ 1940ల తూటాల సంగతి ఎవరైనా చెప్తారా? కొన్నింటి మీద 7 అని, కొన్నింటి మీద 7 పక్కన జెడ్ అని, ఒక గుప్పెడింటి మీద 8 జెడ్ అని ఉంది.

లోడింగ్‌బెంచ్:

తమ్ముడూ ఇది నా సబ్జెక్ట్, అక్క చెప్తుంది విను.

7 అంటే మార్క్ 7, 1910లో వచ్చిన మొనదేలిన బుల్లెట్, 174 గ్రెయిన్లు. జెడ్ లేకపోతే లోపల కార్డైట్ అనే పాత రకం తుపాకి మందు ఉంటుంది, సేమ్యాలాగా సన్నటి పోగులు, జెడ్ ఉంటే నైట్రోసెల్యులోజ్ మందు. కార్డైట్ చాలా వేడిగా మండుతుంది, బ్యారెల్ మొదట్లో గాళ్ళని తినేస్తుంది, పాత .303 బ్యారెళ్ళు గొంతు దగ్గర అరిగి ఉండటానికి కారణం అదే. ఆ 8 జెడ్ గుప్పెడు మాత్రం పక్కన పెట్టు, అవి వికర్స్ మెషిన్ గన్‌తో చాలా దూరం కొట్టడానికి చేసినవి, ప్రెషర్ ఎక్కువ, వెనక భాగం పడవలా సన్నబడి ఉంటుంది, అరిగిన బ్యారెల్‌లో సరిగ్గా పట్టదు.

మిగతావి కూడా నేనైతే కాల్చను. ఎనభై ఏళ్ళ ఇత్తడి (మందు ఉండే తూటా గొట్టం) మెడ దగ్గర పగిలి ఉండొచ్చు, ప్రైమర్ మందు పాడై ఉండొచ్చు. ట్రిగ్గర్ నొక్కాక టిక్ అని మాత్రం వినిపించి ఏమీ కాకపోతే బోల్ట్ వెంటనే తెరవొద్దు, మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు లెక్కపెట్టు, కొన్ని ఆలస్యంగా పేలతాయి. అలాంటివి వరసగా రెండొస్తే ఆ డబ్బా అంతా పక్కన పెట్టేయడమే. డబ్బా మీద ముద్రలు బాగుంటే కలెక్టర్లు అలాగే కొనుక్కుంటారు.

ఎవరైనా సరే పాత సర్‌ప్లస్ తూటాలు కాలిస్తే ఆ రోజే కడగాలి, రేపు కాదు. పాత ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉంటుంది, అది పేలాక పొటాషియం క్లోరైడ్ మిగులుతుంది, అంటే ఒక రకం ఉప్పే. ఉప్పు గాలిలో తేమని లాక్కుని ఇనుముని తినేస్తుంది. ఇక్కడే అందరూ పొరపడేది, ఖరీదైన సాల్వెంట్ పోసి, నూనె పోసి మెరిసేలా తుడిచి పెడతారు, వారం తర్వాత చూస్తే బ్యారెల్ నారింజ రంగులో ఉంటుంది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్ళలో కరుగుతుంది. అమ్మోనియా వాడండి అంటారు, అందులో పని చేసేది అమ్మోనియా కాదు, నీళ్ళే. బ్రిటిష్ వాళ్ళు మరిగే నీళ్ళు ఛాంబర్ నుంచి పోయడానికి వంకర ముక్కు గరాటు చేసుకున్నారు. నువ్వు కూడా అంతే, వేడి నీళ్ళు బ్యారెల్ గుండా పోసి, ఇనుము ఆ వేడికి తనే ఆరిపోతుంది, పొడి గుడ్డ, తర్వాత మామూలుగా బ్రష్, సాల్వెంట్, చివర్న పలచగా నూనె. చెక్కలోకి నీళ్ళు దిగకుండా చూసుకో. బోల్ట్ ముఖం కూడా కడుగు, అక్కడ కూడా ఉప్పు పడుతుంది. అమెరికా గ్యారండ్ లాంటి, పేలిన గ్యాస్‌తో తనే మళ్ళీ లోడయ్యే రైఫిల్ అయితే గ్యాస్ సిలిండర్ విప్పి కడగాలి, అందుకే నేను గ్యారండ్‌లో అలాంటి తూటాలు అసలు పెట్టను.

మళ్ళీ కాల్చే ముందు ఛాంబర్ పొడిగా తుడిచెయ్. జిడ్డు ఉంటే ఇత్తడి ఛాంబర్ గోడల్ని పట్టుకోలేక జారి దెబ్బ మొత్తం బోల్ట్ మీద పడుతుంది. బ్రిటిష్ వాళ్ళు రైఫిల్ బలం పరీక్షించేటప్పుడు కావాలనే నూనె రాసిన తూటా కాల్చేవాళ్ళు, అంటే ఎంత తేడా వస్తుందో చూడు.

అందుకని కొత్త ఫ్యాక్టరీ తూటాలు కొనుక్కో, ఇత్తడి దాచుకో, తర్వాత రీలోడింగ్ (కాల్చిన ఇత్తడిలో మళ్ళీ మందు, బుల్లెట్ పెట్టుకోవడం) నేర్చుకోవచ్చు. ఎన్‌ఫీల్డ్ ఛాంబర్లు యుద్ధంలో బురద పట్టినా తూటా వెళ్ళాలని వదులుగా కోశారు, బోల్ట్ తాళం కూడా వెనక వైపు ఉంటుంది కాబట్టి కొంచెం సాగుతుంది. ఇత్తడి ముందుకి ఉబ్బి, వెనక అంచుకి కొంచెం పైన గోడ పలచబడుతుంది. ప్రతిసారీ ఇత్తడిని మొత్తం అచ్చులో నొక్కి పాత కొలతకి సైజు చేస్తే మూడు నాలుగు సార్లకే అక్కడ తెగిపోయి ముందు సగం ఛాంబర్‌లో ఇరుక్కుంటుంది. అందుకే మెడ మాత్రమే సైజు చేస్తాను, ఆ ఇత్తడి మళ్ళీ అదే రైఫిల్‌కే. పేపర్ క్లిప్ నిటారుగా చేసి కొన కొంచెం వంచి ఇత్తడి లోపల గోడ మీద కిందినుంచి పైకి గీకు, పలచబడిన చోట గాడిలా కొనకి తగులుతుంది. తగిలిందా, ఆ ఇత్తడి చెత్తలోకే.

పాతబోల్ట్:

అక్క చెప్పినదానికి ఎదురు లేదు. ఒక్కటే, అంచున్న తూటాలు మ్యాగజైన్‌లో పెట్టేటప్పుడు పైదాని అంచు కిందదాని అంచుకి ముందు ఉండాలి. వెనక పడితే బోల్ట్ నెట్టినప్పుడు రెండూ కొక్కెంలా పట్టుకుని ఇరుక్కుంటాయి. అది రైఫిల్ లోపం అనుకుని మ్యాగజైన్ పెదాలు వంచేవాళ్ళున్నారు, వంచొద్దు.

కొత్తచేతులు:

నెల రోజుల తర్వాత అప్‌డేట్. గ్రీజు తీయడానికి నాలుగు రోజులు పట్టింది, చెక్క నలుపు పోయి లోపల ఎర్రటి గోధుమరంగు బయటపడింది, శాండ్‌పేపర్ వేసుంటే ఏం పోగొట్టుకునేవాడినో ఇప్పుడు అర్థమవుతోంది, బట్ కుడిపక్కన గ్రీజు కింద రెండు ముద్రలున్నాయి, ఒకటి సగం అరిగిపోయింది. అవిసె నూనె ఇప్పటికి ఆరుసార్లు పట్టించా. గుడ్డలు బయట పరిచే ఆరబెట్టా.

బట్‌ప్లేట్‌లో చిన్న మూత తెరిస్తే లోపల ఇత్తడి నూనె సీసా, బరువు కట్టిన పుల్‌త్రూ తాడు ఇంకా ఉన్నాయి! పెద్దాయనకి ఫోన్ చేసి చెప్తే ఆయనకే తెలీదు, నలభై ఏళ్ళూ ఆ మూత తెరవలేదంట, ఫోన్‌లో చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత అవి దాంట్లోనే ఉంచు బాబూ అన్నారు.

గన్‌స్మిత్ గేజ్ పెట్టి చూశారు, 0.064 మీద మూసుకుంది, 0.074 మీద మూసుకోలేదు. బ్యారెల్ కొంచెం నల్లగా ఉంది గానీ గట్లు పదునుగా ఉన్నాయి, సీసం ముద్ద 0.313 వచ్చింది. ఫోరెండ్ కదలట్లేదు. నిన్న మొదటిసారి కాల్చా, కొత్త ఫ్యాక్టరీ తూటాలు 20, 50 మీటర్ల దగ్గర, సైట్ 200 గజాల మీద పెట్టి. తూటాలు పడిన గుంపు అరచేయంత వచ్చింది కానీ గురి పెట్టినదానికంటే బాగా పైన పడుతోంది. పొడుగు ఫ్రంట్ సైట్ బ్లేడ్ ఆర్డర్ పెట్టాలా?

గేజ్‌చూడు:

అరచేయంత గుంపు మొదటి రోజుకి చాలా బాగుంది. బ్లేడ్ అప్పుడే మార్చొద్దు. నీ వెనక సైట్‌లో అన్నిటికంటే తక్కువ గుర్తు 200 గజాలు, అంతకంటే దగ్గర్లో కాలిస్తే కొంచెం పైన పడటం మామూలే. 100 దగ్గర కాల్చి చూడు, 200 దగ్గర కూడా వీలైతే చూడు, అక్కడ కూడా పైనే పడితే అప్పుడు పొడుగు బ్లేడ్. వేర్వేరు ఎత్తుల్లో దొరుకుతాయి, ఇప్పుడున్నదాని ఎత్తు ముందే కొలిచి రాసుకో. మార్చినా పాత బ్లేడ్‌ని పారేయొద్దు.

అవిసెనూనె:

నిలబెట్టి దాచేటట్టైతే మూతి కిందికి పెట్టి ఉంచు, కింద మెత్తటి గుడ్డ వేసి. మూతి పైకుంటే బ్యారెల్ నూనె మెల్లగా దిగి బట్ సాకెట్ దగ్గర చెక్కలోకి ఇంకుతుంది, ఇన్ని రోజులు కష్టపడి తీసిన నలుపు మళ్ళీ అక్కడినుంచే మొదలవుతుంది. తోలు సంచిలో, ఫోమ్ పెట్టెలో నెలల తరబడి పెట్టకు, తేమ పట్టుకుంటుంది. ఆ రెండు ముద్రల ఫోటో పెట్టు బ్రదర్, సగం అరిగినదైనా సరే, ఎక్కడ రిపేర్ అయ్యిందో కలిసి చూద్దాం.